ఇంట్లో అయిదేసి నిమిషాల కసరత్తుతో బలం వస్తుందా?

చేతులు లేని కుర్చీ ఒకటి గోడకు ఆనించి వెయ్యండి. దానిమీద కూర్చుని రెండు చేతులూ రొమ్ముమీద అడ్డంగా కట్టుకోండి. చేతుల సాయం లేకుండా పూర్తిగా లేచి నిలబడి మళ్ళీ కూర్చోండి. ఇలా అయిదుసార్లు. పక్కన ఎవరినైనా గడియారం చూడమనండి. పన్నెండు సెకండ్లలోపల అయిపోతే ఫరవాలేదు. పన్నెండు గాని అంతకుమించి గాని పట్టిందంటే, కాళ్ళలో బలం తగ్గుతోందేమోనని అనుమానించాలి. ఇది నేను సొంతంగా పెట్టిన లెక్క కాదు. వయసుతోపాటు కండ కరిగిపోయే జబ్బును గుర్తుపట్టడానికి ఆసియా దేశాల వైద్య నిపుణులు 2019లో నిర్ణయించుకున్న కొలతల్లో ఇది ఒకటి. చేతి పట్టు కొలిచే పరికరం ఉంటే మగవాళ్ళకు 28 కిలోలు, ఆడవాళ్ళకు 18 కిలోలు కనీసంగా ఉండాలన్నారు. అది లేని ఇంట్లో కుర్చీ చాలు.

మా పాపన్నపేటలో నలభై దాటి నడుంనొప్పి, మోకాళ్ళనొప్పి అంటూ వచ్చేవాళ్ళచేత నేనీ పరీక్ష చేయిస్తూంటాను. చాలామందికి రెండోసారికే చేతులు వాటంతటవే మోకాళ్ళమీదికి పోతాయి. "గుంజుతున్నయి సారూ, ఒక సూది ఎయ్యరాదు?" అంటారు. బలాన్ని సూదిలో నింపి ఇచ్చే విద్య ఇంకా రాలేదు. కసరత్తు చెయ్యమంటే పొలంవాళ్ళు నవ్వుతారు, ఉద్యోగస్తులు టైము లేదంటారు, గృహిణులు "ఇంటి పని సరిపోదా డాక్టరుగారూ?" అంటారు. కాస్త చదువుకున్నవాళ్ళు మాత్రం ఒక మంచి ప్రశ్న వేస్తారు: "జిమ్ముకు వెళ్ళి గంటసేపు చేసే తీరిక మాకు లేదు. ఇంట్లోనే అప్పుడు అయిదు నిమిషాలు, ఇప్పుడు అయిదు నిమిషాలు చేస్తే నిజంగా బలం వస్తుందా? లేక అది ఉట్టి మనస్తృప్తేనా?"

వస్తుంది. దానికి రెండు షరతులున్నాయి. చేసే ఆ అయిదు నిమిషాలూ కండరానికి కష్టంగా ఉండాలి. ఆ కష్టం నెలనెలా కాస్త పెరుగుతూండాలి. ఈ రెండూ లేకుండా ఏళ్ళతరబడి చేసినా ఒంటికి కాస్త చురుకుదనం వస్తుందేమోగాని బలం మాత్రం రాదు. ఎందుకో చెబుతాను.

ఆరు సెకండ్ల కథ

కొద్దిసేపు కసరత్తుతో బలం వస్తుందన్న మాట నిన్నమొన్నటిది కాదు. 1953లో జర్మనీలో హెట్టింగర్, ముల్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక విచిత్రమైన సంగతి బయటపెట్టారు. కదలని వస్తువును మన పూర్తి బలంలో మూడింట రెండువంతుల బలంతో, రోజుకి ఒక్కసారి ఆరు సెకండ్లు నెడితే చాలు, వారానికి అయిదు శాతం చొప్పున బలం పెరుగుతుందన్నారు. ఇంకేముంది! పాశ్చాత్య దేశాల్లో గోడల్ని నెట్టడం, తలుపు ద్వారబంధాల్ని తొయ్యడం ఒక వెర్రిగా పాకింది. తర్వాత ఇతరులు అదే పరీక్ష చేసి చూస్తే అంత వేగంగా ఎవరికీ పెరగలేదు. పైగా కండరాన్ని ఏ కోణంలో బిగించి నెట్టామో దాదాపు ఆ కోణంలోనే బలం వచ్చింది, మిగతా కదలికల్లో అంత రాలేదు. లెక్కలో అతిశయం ఉన్నమాట నిజమే. కాని సారం మాత్రం నిలబడింది. కండరానికి గంటలతో పనిలేదు, దానికి కావలసింది గట్టి పిలుపు.

ఇటీవల 2022లో జపాన్, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు కలిసి చేసిన పరీక్ష మన ప్రశ్నకు మరీ దగ్గరగా ఉంటుంది. కసరత్తు అలవాటు లేని కొందరిని మూడు జట్లుగా చేశారు. చేతి కండరాన్ని గట్టిగా బిగించి, యంత్రం దాన్ని మెల్లగా సాగదీస్తూంటే ఎదురుతిరగడం వాళ్ళ పని. మొదటి జట్టు రోజుకి ఆరుసార్లు చొప్పున వారంలో అయిదు రోజులు, అంటే మొత్తం ముప్పైసార్లు చేసింది. రెండో జట్టు ఆ ముప్పైనీ వారానికి ఒకే రోజున చేసింది. మూడోది వారానికి ఒకరోజు ఆరుసార్లు మాత్రం చేసింది. నాలుగు వారాల తర్వాత చూస్తే, రోజూ కాస్తకాస్త చేసిన మొదటి జట్టుకు బలం పదిశాతానికి పైగా పెరిగింది. అంతే పని ఒక్కరోజున చేసిన రెండో జట్టుకు కండ కాస్త లావెక్కిందిగాని బలం పెరగలేదు. మూడో జట్టుకు ఏమీ జరగలేదు.

నాలుగు వారాల చిన్న పరీక్ష అది. దాన్ని పట్టుకుని ప్రపంచమంతా ఇంతే అనకూడదు. నెలలతరబడి చేసిన ఇతర పరీక్షల్లో, వారం మొత్తంమీద చేసిన పని సమానంగా ఉన్నప్పుడు దాన్ని రెండు రోజుల్లో చేశారా అయిదు రోజుల్లో చేశారా అన్నదానికి పెద్ద తేడా కనిపించలేదు. మనకి కావలసింది కూడా ఈ మాటే. చీటీ డబ్బు నెలకొకసారి కట్టినా, రోజువారీ కట్టినా చివరికి చేరే మొత్తం ఒకటే కదా. నెలకొకసారి కట్టలేనివాడికి రోజువారీయే మేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020లో తన సలహాలు సవరిస్తూ, ఒక్కొక్క విడతా కనీసం పది నిమిషాలుండాలన్న పాత నియమాన్ని ఎత్తివేసింది. ఎంత కొద్దిసేపైనా లెక్కలోకి వస్తుందంది. వారానికి కనీసం రెండు రోజులు ముఖ్యమైన కండరాలన్నింటికీ బలం పెంచే కసరత్తు ఉండాలని కూడా అంది. నడకకు ఇచ్చినంత ప్రచారం మన పత్రికలు ఈ రెండో మాటకు ఇవ్వలేదు.

మొదట బలం ఎక్కడినుంచి వస్తుంది?

కసరత్తు మొదలుపెట్టిన మూడు నాలుగు వారాలకే "డాక్టరుగారూ, మెట్లు తేలిగ్గా ఎక్కుతున్నాను" అంటారు. టేపు పెట్టి కొలిస్తే తొడ లావు ఇసుమంతైనా పెరగదు. మరి ఈ బలం ఎక్కడిది?

కండరంలో వేలకొద్దీ పోగులుంటాయి. వాటిని పనిలోకి దింపేవి నరాలు. అలవాటు లేని మనిషి ఎంత గట్టిగా ప్రయత్నించినా పోగులన్నీ ఒక్కసారి పనిచెయ్యవు. రథం తాడు వందమంది పట్టుకున్నారనుకోండి. తలోసారి లాగితే రథం కదలదు. అందరూ ఒక్క కేకతో లాగితే కదులుతుంది. మనుషులు వాళ్ళే, కేక కలిసిందంతే. మొదటి కొద్దివారాల్లో వచ్చే బలం ముఖ్యంగా ఇదేనని 1979లో మొరిటాని, డివ్రీస్ అనే పరిశోధకులు కొలిచి చూపించారు. ఆ తర్వాతే కండ నిజంగా పెరగడం మొదలవుతుంది. నరాలు నేర్చుకునే విద్య గనుకనే రోజూ కాస్తకాస్త చెయ్యడం దానికి బాగా నప్పుతుంది. దస్తూరీ బాగుపడాలంటే పిల్లవాడిచేత ఆదివారంనాడు ఇరవై పేజీలు రాయించం, రోజుకొక పేజీ రాయిస్తాం.

ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. ఈ మొదటి లాభం తొందరగా వచ్చి తొందరగా ఆగుతుంది. రెండో నెలలో కూడా అదే కుర్చీ, అవే పదిసార్లు చేస్తూ కూర్చుంటే బలం అక్కడే నిలిచిపోతుంది. ఇంట్లో కసరత్తు చేసి "ఏమీ లాభం లేదండీ" అనేవాళ్ళలో పదింట తొమ్మిదిమంది ఇక్కడ ఆగినవాళ్ళే అని నా అనుభవం.

పనిచేస్తూనే ఉన్నాం కదా!

ఈ మాటకు వివరంగా జవాబు చెప్పాలి. ఎందుకంటే మా ప్రాంతంలో పని తక్కువేం కాదు. ఘనపురం ఆనకట్ట కింద నాట్లు వేసే ఆడవాళ్ళు పొద్దుటినుంచి సాయంత్రందాకా నడుం వంచే ఉంటారు. అంత పనిచేసినవాళ్ళు కుర్చీ పరీక్షలో తప్పుతారా అంటే తప్పుతారు. నాటు వెయ్యడంలో ఓర్పు ఉంది, శ్రమ ఉంది, నడుంమీద భారం ఉంది. కాని చేతిలోని నారుకట్ట బరువు ఇరవయ్యేళ్ళ క్రితం ఎంతో ఇవాళా అంతే. కండరానికి కొత్త పిలుపేమీ లేదు. వంగిన నడుం మాత్రం అరుగుతుంది. బీడీలు చుట్టేవాళ్ళ సంగతి మరీ అన్యాయం. రోజంతా వేళ్ళు పనిచేస్తాయి, తొడలు పూర్తిగా నిద్రపోతాయి.

ఇక పట్నాల్లో గృహిణులు. అమ్మమ్మల కాలంలో చేదబావి, రోకలి, విసుర్రాయి ఉండేవి. ఆ పనిలో ఉన్న కష్టం గురించి నాకేమీ భ్రమలు లేవు. పోయినందుకు విచారించను కూడా. కాని వాటితోపాటు చేతులకూ వీపుకూ అందే బరువు కూడా పోయింది. మిక్సీ మీట నొక్కడానికి ఏ కండరమూ అక్కర్లేదు. ఇల్లంతా తిరుగుతూ పదివేల అడుగులు వేసినా అది నడకే. గుండెకు మంచిది, చక్కెరకు మంచిది, కాని పాతిక కిలోల బియ్యం సంచీ ఎత్తే బలం దానివల్ల రాదు.

"బరువులెత్తితే మగవాళ్ళలా అయిపోతామేమో" అని కొందరు ఆడపిల్లల భయం. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీలో రెండు విభాగాలూ కలిపి 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. దానికి ఎన్ని సంవత్సరాలు, రోజుకి ఎన్ని గంటల సాధన కావాలో ఆలోచించండి. కండలు ఉబ్బడానికి తోడ్పడే మగ హార్మోను ఆడవాళ్ళలో చాలా కొద్దిగా ఉంటుంది. వంటగట్టు పట్టుకుని దండీలు తీస్తే ఎవరూ మగరాయుళ్ళు కారు.

మరుగుదొడ్డి దగ్గర తెలిసే బలం

బలం అంటే మనవాళ్ళకు వెంటనే కోడి రామ్మూర్తినాయుడుగారు గుర్తుకొస్తారు, ఆయన ఇనుప గొలుసులు తెంచడం, రొమ్ముమీద ఏనుగును నిలుపుకోవడం గుర్తుకొస్తాయి. నర్తనశాలలో భీముడి వేషం వేసిన దండమూడి రాజగోపాల్ గుర్తుకొస్తారు. డాక్టరుకు కనిపించే బలం వేరు. అది మరుగుదొడ్డి దగ్గర కనిపిస్తుంది.

అరవైనాలుగేళ్ళ ఒకావిడ, భర్త లేడు, కొడుకూ కోడలూ దగ్గరే ఉంటారు. విషజ్వరం వచ్చి మూడు వారాలు మంచాన పడింది. జ్వరం తగ్గింది. అంతా బాగానే ఉందనుకున్నారు. రెండు నెలలకు మూత్రంలో మంట, చలిజ్వరంతో మా దగ్గరికి తీసుకొచ్చారు. మందులు రాసి, నీళ్ళు బాగా తాగమన్నాను. కోడలు బయటికి వెళ్ళాక ఆవిడ మెల్లగా అసలు సంగతి చెప్పింది. దొడ్డికి కూర్చుంటే లేవలేకపోతోంది. ప్రతిసారీ కోడలు వచ్చి చంకల్లో చేతులేసి లేపాలి. ఆ సిగ్గుకి నీళ్ళు తాగడం మానేసింది, రాత్రిపూట అన్నం కూడా మానేసింది. నీళ్ళు లేక మూత్రం చెడింది, తిండి లేక ఉన్న కండ కూడా పోయింది.

ఇది ఒక్కావిడ కథ కాదు. 2007లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవయసువాళ్ళను కొందరిని ఏ జబ్బూ లేకుండానే పదిరోజులు మంచంమీద ఉంచి చూశారు. ఆ పదిరోజుల్లోనే కాళ్ళనుంచి దాదాపు ఒక కిలో కండ పోయింది. మనం జ్వరం వచ్చిన ముసలివాళ్ళను ప్రేమతో నెలరోజులు "లేవకు, లేవకు" అంటూ మంచాన ఉంచుతాం.

ఆవిడకు ఇచ్చిన మందులో గొప్పేమీ లేదు. కుర్చీమీద రెండు బొంతలు మడిచి వేశాం. ఎత్తు పెరిగింది గనుక చేతుల సాయం లేకుండా లేవగలిగింది. ఒక విడతకు అయిదుసార్లు, పొద్దున టీకి ముందు, మధ్యాహ్నం అన్నానికి ముందు, సాయంత్రం దీపం పెట్టే వేళ. విడత రెండు నిమిషాలు కూడా పట్టదు. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా, మనసులో నాలుగు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా కూర్చోవాలి. పదిసార్లు తేలిగ్గా రాగానే ఒక బొంత తీసెయ్యాలి. మళ్ళీ పది రాగానే రెండోది. తర్వాత ఉత్త కుర్చీ, ఆ తర్వాత నవారు మంచం, తర్వాత ఎత్తు పీట. రోజుకొక గుడ్డు, చిక్కటి పప్పు, గ్లాసుడు పాలు ఉండాలన్నాను. పదకొండో వారానికి ఆవిడ గోడకు బిగించిన ఇనుప పిడి పట్టుకుని తనంతట తాను దొడ్డినుంచి లేచింది. ఆ శివరాత్రికి ఏడుపాయల జాతరకు వచ్చి, మంజీర ఒడ్డున ఇసకలో అందరితోపాటు కూర్చుని అన్నం తిని లేచిందని కోడలే చెప్పింది.

ఇంతకన్నా పెద్ద వయసులో కూడా ఇది జరుగుతుంది. 1990లో అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో 86 నుంచి 96 ఏళ్ళ మధ్యనున్న పదిమందిచేత ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తించారు. పూర్తిచేసినవాళ్ళకు బలం సగటున 174 శాతం పెరిగింది. 1994లో అదే వైద్యురాలు ఫియాటరోన్, ఆమె సహచరులు వందమందిమీద చేసిన పెద్ద పరీక్షలో ఇంకో సంగతి తేలింది. కసరత్తు లేకుండా బలవర్ధకమైన పానీయం మాత్రం ఇచ్చినవాళ్ళకు బలం పెరగలేదు. అమ్మానాన్నలకు నెలనెలా టానిక్కు డబ్బాలు కొనుక్కెళ్ళే కొడుకులూ కూతుళ్ళూ ఈ వాక్యం మరోసారి చదవండి. వాళ్ళ పరీక్షల్లో వాడింది యంత్రాలూ గట్టి బరువులూ, మనది కుర్చీ. కాబట్టి అంత శాతం మనకూ రావాలని పట్టుబట్టకండి.

ఏం చెయ్యాలి?

ఒంట్లో పెద్ద కండరాలు చేసే పనులు నాలుగే: లేవడం, నెట్టడం, లాగడం, మొయ్యడం. ఈ నాలుగూ రోజులో ఎక్కడో ఒకచోట పడితే చాలు.

లేవడం గురించి చెప్పాను. ఆరోగ్యంగా ఉన్న నడివయసువాళ్ళు ఉత్త కుర్చీతో మొదలుపెట్టి, తేలికైన తర్వాత బడిసంచీలో అయిదు కిలోల బియ్యం వేసి రొమ్ముకు హత్తుకుని చెయ్యవచ్చు. మోకాళ్ళు బాగున్న కుర్రవాళ్ళకు బస్కీలు ఉండనే ఉన్నాయి. మాస్టరుగారు శిక్షగా వేయించిన గోడకుర్చీ కూడా మంచిదే. గోడకు వీపు ఆనించి, లేని కుర్చీలో కూర్చున్నట్టు ఉండాలి. ఇలా కదలకుండా బిగించే కసరత్తులు కొన్ని వారాలు క్రమంగా చేస్తే రక్తపోటు కూడా కొంత దిగుతుందని 2023లో ప్రచురించిన ఒక పెద్ద సమీక్షలో తేలింది. అలాగని బి.పి. మాత్రలు మానెయ్యకండి.

నెట్టడం అంటే దండీలు. నేలమీద దండీ రానివాళ్ళు చాలామంది, అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. గోడకు రెండడుగుల దూరంలో నిలబడి, అరచేతులు గోడకు ఆనించి మొదలుపెట్టండి. పదిహేను తేలిగ్గా వస్తే వంటగట్టుకు దిగండి. ఆ తర్వాత కదలని బల్లకు, మంచం పట్టెకు, చివరికి నేలకు. ఎత్తు తగ్గినకొద్దీ చేతులమీద పడే బరువు పెరుగుతుంది. గట్టు తడిగా ఉంటే తుడవండి. ఒక గృహిణి టీ నీళ్ళు పొయ్యిమీద పెట్టి అవి మరిగేలోగా పన్నెండు తీస్తానంది. ఇంతకంటే మంచి టైంటేబుల్ నేను రాసివ్వలేను.

లాగడాన్ని ఇళ్ళల్లో అందరూ మరిచిపోతారు. ఎడమచెయ్యి మంచంమీద ఆనించి, నడుం వంచినా వీపు చదునుగా ఉంచి, కుడిచేత్తో సంచీనో చిన్న బకెట్టునో నేలమీదినుంచి నడుందాకా లాగాలి, చేదబావిలో నీళ్ళు తోడినట్టు. పదిసార్లు, తర్వాత రెండో చెయ్యి. లీటరు నీళ్ళు కిలో బరువు గనుక బకెట్టులో చెంబుల లెక్కన పెంచుకోవడం తేలిక. మొయ్యడానికి రెండు చేతుల్లో రెండు సమానమైన బకెట్లు పట్టుకుని వరండాలో ఒక నిమిషం నడవండి. చంకలో బిందె ఒకే పక్కకు ఒరిగి నడుం పాడుచేస్తుంది. రెండు చేతుల బరువు అలా చెయ్యదు.

ఎన్నిసార్లు అని అడుగుతారు. ఎనిమిదికీ పదిహేనుకీ మధ్య ఎక్కడైనా ఆగండి. ఆగినప్పుడు "ఇంకో రెండు మూడు చెయ్యగలను, అయిదు మాత్రం నావల్ల కాదు" అనిపించాలి. ఇంకా పది చెయ్యగలననిపిస్తే బరువు చాలలేదన్నమాట. మొదటి రెండు వారాలు రోజుకొక విడత, ఆ తర్వాత రోజుకి రెండు మూడు విడతలు. ఒకటి రెండు రోజులు కండరాలు సలుపుతాయి. అది మామూలే, అందుకు మాత్రలు అక్కర్లేదు. బాగా సలిపిన కండరానికి ఆరోజు సెలవిచ్చి వేరేదానికి పని చెప్పండి. కీలులో పోటు పొడిచినా, వాచినా అది కండరం సలుపు కాదు. ఆపి చూపించుకోవాలి. ఎక్కడో చూసి మొదటిరోజే రెండొందల గుంజీలు తీసే కుర్రవాళ్ళు ఉంటారు. తర్వాత మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే అది కండరం చితికి మూత్రపిండాలమీద పడుతున్న గుర్తు. ఆగకుండా ఆస్పత్రికి రావాలి.

పొట్ట తగ్గుతుందా అని మీరు అడగబోతున్నారు. ఒకచోట కండరాన్ని పనిచేయిస్తే అక్కడి కొవ్వే కరగడమంటూ లేదు. పొట్ట సంగతి ముఖ్యంగా కంచంలో తేలుతుంది.

తిండి

మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పెద్దవాళ్ళకు రోజుకి శరీరం బరువు కిలోకి 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంటే 65 కిలోల మగమనిషికి 54 గ్రాములు, 55 కిలోల ఆడమనిషికి 46 గ్రాములు. అన్నం, పచ్చడి, పలచటి చారు, మజ్జిగతో ఇది పూర్తికాదు. ఒక గుడ్డులో 6 గ్రాములు, పావులీటరు పాలలో 8, వంద గ్రాముల కందిపప్పులోనో శనగల్లోనో 20కి పైన, వంద గ్రాముల పల్లీల్లో 25 దాకా ఉంటాయి. వండిన పప్పులో ఎక్కువభాగం నీళ్ళేనని మరిచిపోవద్దు. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు తమ డాక్టరు చెప్పిన లెక్కే పాటించాలి.

పొడి డబ్బాలు కొనాలా అంటే, ఇంట్లో గుడ్డూ పప్పూ పాలూ ఉండగా అవసరంలేదు. జిమ్ముల్లో ఎవరో ఇచ్చే సూదులు మాత్రం దగ్గరికి రానివ్వకండి. అవి చాలావరకు మగ హార్మోనులే. బయటినుంచి హార్మోను వస్తే ఒంట్లో తయారీ ఆగుతుంది, వృషణాలు చిన్నవవుతాయి, పిల్లలు పుట్టకపోవచ్చు, కాలేయమూ గుండే దెబ్బతింటాయి.

ఎవరు ముందు డాక్టరును అడగాలి?

గుండెజబ్బు ఉన్నవాళ్ళు, కొంచెం శ్రమకే రొమ్ములో బరువుగా ఉండేవాళ్ళు, బి.పి. అదుపులో లేనివాళ్ళు, గిలక దిగినవాళ్ళు, ఈమధ్య పొట్ట ఆపరేషను అయినవాళ్ళు, చక్కెరవల్ల కంటిలోపల రక్తం కారినవాళ్ళు అడగకుండా మొదలుపెట్టకూడదు. గర్భిణులు, బాలింతలు తమను చూసే డాక్టరమ్మను అడిగి చెయ్యవచ్చు. ఇన్సులిన్ గాని కొన్నిరకాల చక్కెర మాత్రలు గాని వాడేవాళ్ళు ఖాళీ కడుపుతో చెయ్యవద్దు. చెమటపట్టి వణుకు వస్తే వెంటనే చక్కెర నోట్లో వేసుకోవాలి.

అందరికీ వర్తించే జాగ్రత్త ఒకటుంది, అది ఊపిరి. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టడం మన సహజగుణం. 1985లో కెనడాలో కండలు పెంచే అయిదుగురికి రక్తనాళంలోకే గొట్టం పెట్టి, రెండు కాళ్ళతో పెద్ద బరువు నెడుతుండగా కొలిస్తే రక్తపోటు సగటున 320/250కి ఎక్కింది. వాళ్ళు రాటుదేలిన కుర్రవాళ్ళు గనుక తట్టుకున్నారు. మీరు లేచేటప్పుడు, నెట్టేటప్పుడు ఊపిరి వదలండి. దిగేటప్పుడు పీల్చండి. సరిగా చేస్తున్నారో లేదో తెలియాలంటే పైకి అంకెలు లెక్కపెడుతూ చెయ్యండి. మాట్లాడుతూ ఎవరూ ఊపిరి బిగబట్టలేరు.

ఇక మధ్యలో మానేస్తే ఏమవుతుందని సందేహం. వచ్చిన బలాన్ని నిలుపుకోవడానికి, తెచ్చుకోవడానికి పడినంత శ్రమ అక్కర్లేదు. కుర్రవాళ్ళకు వారానికి ఒకరోజు చేసినా చాలాకాలం నిలుస్తుంది. అరవై దాటినవాళ్ళకు రెండు రోజులైనా ఉండాలి. పెళ్ళికో పండక్కో ఊరెళ్ళి వారంరోజులు మానేస్తే ఏమీ పోదు. జ్వరం వచ్చో, మరోందుకో మూడు వారాలు ఆగిపోతే, ఆగినచోటినుంచి కాకుండా రెండు మెట్లు కిందినుంచి మొదలుపెట్టండి. అంటే మంచం పట్టెకు దండీలు తీసేవాళ్ళు మళ్ళీ వంటగట్టుకు, ఉత్త కుర్చీనుంచి లేచేవాళ్ళు మళ్ళీ బొంతలకు.